బాణం లేని పెట్టె

నంద్యాలలో మా ఆఫీసు బోర్డు మీద "ఆర్కిటెక్చర్" అనే మాట పెద్ద అక్షరాలతో ఉండేది. ఆ మాట రాయించిన మహానుభావుడికి ఊరి సంగతి తెలియదు. బోర్డు బిగించిన వారంలోపే పత్తి వ్యాపారి ఒకాయన స్థలం కొలతలు చిన్న కాగితం మీద రాసుకుని రెండంతస్తుల మెట్లూ ఎక్కి వచ్చాడు. నా ఎదురు కుర్చీలో కూలబడి, కండువాతో మెడ తుడుచుకుని, "తూర్పు వాకిలి రావల్ల. వంటిల్లు ఆగ్నేయంలో ఉండల్ల. మెట్లు యాడన్నా పెట్టుకో. బేగా గీసియ్యప్పా, ముహూర్తం దగ్గర పడినాది" అన్నాడు.

ఇళ్ళ ప్లాన్లు ఇక్కడ గీయరని చెప్పాను.

"మళ్ళ ఏం గీస్తాండారు?"

"సైన్యానికి గీస్తామన్నా. రేడియోలు ఎట్లుండల్ల, ఎవరు ఎవరితో మాట్లాడల్ల, అట్లాంటివి."

ఆయన నన్ను చూశాడు. గోడ గడియారాన్ని చూశాడు. కింద షాపులోంచి వస్తున్న విత్తనాల మందు వాసన పీల్చాడు. "ఈడ కూచ్చొనా?" అని అడిగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. ఆ రెండు మాటల్లో ఉన్నపాటి బుద్ధి మా ఆఫీసు మొత్తానికి లేదు. నాకైతే అసలే లేదు. ఆయన వెళ్ళాక నేను పడీ పడీ నవ్వాను.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. అంతకుముందు, తొంభైలలో, అదే ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, టీవీలు బాగుచేసి, ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు తాళాలు మోసి, చివరికి ఈ ఉద్యోగంలో పడ్డాను. మా డైరెక్టరు నంద్యాల అల్లుడు. కోస్తా మనిషి, హైదరాబాదులో మకాం. ఒక పెద్ద కంపెనీ సైన్యానికి కొత్త రేడియో వ్యవస్థ ప్లాను చేసే పని తీసుకుంది. అందులో బొమ్మలు గీసే భాగాన్ని ఇంకో కంపెనీకి పారేసింది. ఆ కంపెనీ ఈయనకు పారేసింది. మామగారి విత్తనాల షాపు మీద రెండో అంతస్తు ఖాళీగా ఉంటే, ఈయన అందులో ఏడు కంప్యూటర్లు పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అట్లా దేశ రక్షణ పత్తి గింజల నెత్తికెక్కింది.

పని ఏమిటో చెప్పాలి. పెద్ద సైనిక వ్యవస్థ ఏదైనా కట్టేముందు దాన్ని కాగితం మీద అన్ని వైపుల నుంచీ గీసి చూసుకోవాలి. ఎవరు ఎవరితో మాట్లాడతారో ఒక బొమ్మ. ఏ యంత్రం ఏ యంత్రానికి తగులుకుంటుందో ఇంకో బొమ్మ. ఎవరికి ఏ కబురు, ఎంత తొందరగా అందాలో ఒక పట్టిక. వీటన్నింట్లో వాడిన ప్రతి మాటకూ అర్థం చెప్పే నిఘంటువు ఒకటి. ఒక బొమ్మలో ఉన్నది మిగతా బొమ్మల్తో సరిపోవాలి. ఈ మొత్తాన్నే ఆర్కిటెక్చర్ అంటారు, బోర్డు మీది మాట అదే. ఇట్లా గీయడానికి అమెరికా సైన్యం వాళ్ళు తొంభైలలో ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. నేను చట్రం అనేవాణ్ణి. చట్రం చెడ్డదని నేను ఇప్పటికీ అనను. రేడియో ఒకడు, బండి ఒకడు, తెర ఒకడు ఎవరికి వాడు తయారుచేసి, చివర్న ఏదీ దేనికీ అతక్కపోతే చచ్చేది సిపాయి. అందుకే పుట్టింది అది. చెడ్డది మా చేతుల్లో పడటం.

డైరెక్టరు ఈ విద్యను మూడు రోజుల శిక్షణలో నేర్చుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి ఊరు చూడటానికి తీసుకుపోయారట. ఆ సంగతి ఆయనే చెప్పాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. సైన్యాన్ని ఆయన రైలు కిటికీలోంచి మాత్రమే చూశాడు. అయినా, "మనం గీసేదే యుద్ధం అండీ" అనేవాడు, టై సర్దుకుంటూ. నంద్యాల ఎండలో టై కట్టుకునే మనిషి ఆయనొక్కడే.

మొదటి బొమ్మ అందరికీ చూపించే బొమ్మ. పైన ఉపగ్రహం, కింద కొండలు, కొండల మీద చిన్న చిన్న మనుషులు, వాళ్ళ మధ్య పసుప్పచ్చటి మెరుపులు. మెరుపంటే రేడియో మాట. దానికి పదకొండు రోజులు పట్టింది. కొండ ఏ ఆకుపచ్చలో ఉండాలనే దాని మీద మూడు రోజులు చర్చ. రుద్రవరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకామె మాతో పనిచేసేది. నల్లమల అంచున పెరిగిన మనిషి. ఆ బొమ్మ చూసి, "ఏందినా ఇది, ఈ కొండకు రాళ్ళు ల్యా, ముళ్ళు ల్యా, దావ ల్యా. పైకి ఎట్లా ఎక్కినారంట వీళ్ళు?" అని అడిగింది. డైరెక్టరు నవ్వి, "అది కాన్సెప్ట్ అమ్మా" అన్నాడు. కాన్సెప్టుకు దారి అక్కర్లేదు కాబోలు.

నిఘంటువు నా వాటా. సిపాయి అని రాయకూడదు. పోస్టు అని రాయకూడదు. చట్రం భాషలో వాళ్ళంతా "నోడ్"లు. మాట్లాడటం కాదు, "సమాచార మార్పిడి". బొమ్మలో నోడ్ అంటే ఒక పెట్టె, మార్పిడి అంటే ఒక బాణం. ఈ గొప్ప అంతా ఒక ఆదివారం మా నాయనకు చెప్పాను. ఆయన బళ్ళారి దిక్కు పనికి పోయి నాలుగు కన్నడం మాటలు నేర్చినవాడు. "నోడు అంటే సూడమని గదరా. ఏం సూడమంటాండారు?" అన్నాడు. నేను విసుక్కున్నాను.

రోజూ పని అయ్యాక ఒక ప్రోగ్రాం నడిపేవాళ్ళం. మేం గీసినవన్నీ అది జల్లెడ పట్టి, తప్పుల్ని ఎర్రగా చూపేది. ఒక పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే తప్పు. అర్థం రాయని మాట ఉంటే తప్పు. ప్రతి పెట్టెకు కనీసం ఒక బాణం తగలాలి, లోపలికో బయటికో. బాణం లేని పెట్టె తప్పు. మా డైరెక్టరుకు యుద్ధం, సైన్యం, కొండ ఏవీ పట్టవు. ఆ ఎర్ర పట్టిక ఒక్కటే పట్టేది. "ఈరోజెన్ని?" అని అడిగేవాడు. సున్నా అంటే ఆ పూట బజ్జీలు తెప్పించేవాడు. మేం బజ్జీల కోసం సున్నాలు చేశాం. నేనే అందరికన్నా బాగా చేశాను, నా మొహానికి ఆ పనొక్కటి బాగా వచ్చు.

ఆ ఎండాకాలంలో మా తమ్ముడు సెలవు మీద మా సొంతూరు ఆళ్ళగడ్డ వచ్చాడు. వాడు సైన్యంలో రేడియో సెట్టు నడిపే జవాను. అప్పటికి వాడికి ఉత్తరాన మంచు కొండల్లో పోస్టింగు. నేను శనివారం సాయంత్రం బస్సెక్కి, శిరివెళ్ళ మీదుగా ఇంటికి పోయాను.

మా ఇల్లు శిల్పుల పనిచోటు వెనక. నాయన శిల్పి కాదు. శిల్పుల దగ్గర రాయి కదిలించే మనిషి. మేం చర్చికి పోయే వాళ్ళం. ఆయన ఆదివారం చర్చిలో పాటలు పాడి, సోమవారం నుంచి గడ్డపార పట్టుకుని దేవుళ్ళను దొర్లించేవాడు. ఆ సంగతిలో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అక్కడి పెద్ద శిల్పికి ఒక అలవాటు. ముడిరాయి వచ్చిందంటే, దాని మీద దారం వేసి గీత కొట్టకముందే నాయనను పిలిచేవాడు. "ఏమప్పా, ఎంతమంది ఎత్తుతాండారు? గుడి వాకిలి ఎంత ఎడల్పు? మెట్లుండాయా?" అని అడిగేవాడు. నలుగురే అంటే ఒక లెక్క, ఎనిమిది మంది అంటే ఇంకో లెక్క. తాడు తగిలించడానికి విగ్రహం వెనక కొంచెం రాయి వదిలేవాడు. గుళ్ళో నిలబెట్టాక ఆ ముక్క చెక్కేసేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ చూసిన సంగతే ఇది. చూశాను, అంతే. బుర్రలోకి ఎక్కలేదు.

ఆ రోజు వసారాలో కూర్చుని, చర్చి క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు తమ్ముడికి బొమ్మ గీసి చూపించాను. రహస్యం ఏమీ బయట పెట్టలేదు. ఎవరైనా ఊహించగలిగిన పెట్టెలూ బాణాలూ అవి. నా గొప్ప చూపించుకోవాలని తప్ప వేరే ఉద్దేశం కూడా లేదు.

"ఇది నువ్వు," అన్నాను, కొండ మీది పెట్టె చూపించి. "ఇది కింద మీ కంపెనీ. ఈ బాణం నువ్వు పంపే మాట. ఈ బాణం నీకొచ్చే మాట."

వాడు చాలాసేపు చూశాడు. "మళ్ళ మా జతగాడు యాడ?"

జతగాడంటే మా వైపు జోడీ మనిషి. రాయి మోసే దుంగకు ఆ చివర భుజం పెట్టేవాడు. నాయన నోట రోజూ వినే మాట. వాడు ఆ మాటను మంచు కొండల దాకా మోసుకుపోయి, తన పక్కనుండే వేరే రాష్ట్రం జవానుకు తగిలించాడు.

"వాడేం చేస్తాడు?"

"నేను మాట్లాడతా. వాడు మోస్తాడు. సెట్టు నా వీపు మీద, బ్యాటరీలు వాని వీపు మీద. ఆ చలికి బ్యాటరీ ఇట్లా పెడితే అట్లా దిగిపోతాదన్నా. వాడు ల్యాకపోతే సెట్టు ఉత్త డబ్బా."

"కొత్త సెట్టు శానా తేలికంటరా."

"సెట్టు తేలికే. బ్యాటరీ ఎవడు మోస్తాడు, మీ డైరెక్టరా?"

నా చేతిలో పెన్ను లాక్కుని, వాడి పెట్టె పక్కనే ఇంకో పెట్టె గీశాడు. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. లోపల "జతగాడు" అని రాశాడు.

"బాణం వేయల్ల గదా," అన్నాను.

"బాణమేంటికి? వాడు నా పక్కనే ఉంటాడు." పెన్ను నాకిచ్చేసి, నవ్వు ఆపి చెప్పాడు. "సూడన్నా. మీ కాగితంలో ల్యాకపోతే రేపు మాకు మనిషిని ఇయ్యరు. ఒక పెట్టె ఉంటే ఒకణ్ణే పంపిస్తారు. రెండు బరువులూ నా మీదికే వస్తాయి. ఆ కొండ నువ్వు సూడల్యా. రెండూ మోసుకుని ఎక్కితే నా నడుము నాది కాదు. రాస్తావు గదా?"

"రాస్తాలేరా."

"మర్చిపోవు గదా?"

"చెప్తాండా గదరా, రాస్తా అని!"

వాడు ఆ కాగితం మడిచి అమ్మ బైబిలులో పెట్టాడు. మర్నాడు సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు బస్టాండులో కూడా మళ్ళీ అడిగాడు. మళ్ళీ మాటిచ్చాను.

సోమవారం పోయి పెట్టె పెట్టాను. జతగాడికి ఇంగ్లీషులో ఒక పేరు తగిలించి, నిఘంటువులో అర్థం కూడా రాశాను: "బ్యాటరీలు మోయు వ్యక్తి, ఇతడు లేనిదే సెట్టు పనిచేయదు." సాయంత్రం ప్రోగ్రాం నడిపితే ఎర్రగా ఒక తప్పు. బాణం లేని పెట్టె.

డైరెక్టరు నా వెనక వచ్చి నిలబడ్డాడు. "ఇతను ఎవరికి సమాచారం పంపుతాడండీ?"

"ఎవరికీ పంపడు సార్."

"ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటాడు?"

"తీసుకోడు సార్. మోస్తాడు."

"మోయడం సమాచారం కాదు కదండీ." ఎంత ఓపిగ్గా చెప్పాడో! "బ్యాటరీలు సరఫరా విభాగం వాళ్ళవి. సరఫరా మన పరిధిలో లేదు. మన చట్రంలో మాట్లాడేవాళ్ళు మాత్రమే ఉంటారు."

చట్రంలో అట్లా ఎక్కడా లేదు. మోసేవాణ్ణి, వండేవాణ్ణి, ఎవర్నైనా గీసుకోవచ్చని ఆ పుస్తకంలోనే ఉంది. అందుకు వేరే బొమ్మలు కూడా ఉన్నాయి. అవి గీయాలంటే ఇంకో నెల పని. డైరెక్టరు ఆ పేజీలు చదవలేదు. చదివిన నేను నోరు విప్పలేదు.

సరిగ్గా ఆ వారమే కరెంటు కోతలకు మా యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయాయి. కింది షాపు హమాలీ కొత్త బ్యాటరీలు ఒక్కొక్కటే భుజాన పెట్టుకుని రెండంతస్తులూ ఎక్కించాడు. అరడజను సార్లు ఎక్కాడు, దిగాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటానికి ఊపిరి ఉంటే కదా! డైరెక్టరు మెట్ల మీద ఎదురై, చొక్కాకు మసి అంటుతుందని గోడకు అతుక్కుని తప్పుకున్నాడు. బ్యాటరీలు బిగించగానే కంప్యూటర్లు లేచాయి. ఆయన వచ్చి కూర్చుని, "హమ్మయ్య, ఇప్పుడు ఆ అనవసరమైన పెట్టె సంగతి చూద్దామండీ" అన్నాడు. నా ఒళ్ళు మండింది. మండిన ఒంటితో కూర్చున్నాను, అంతకుమించి ఏం పీకలేదు.

రుద్రవరం అమ్మాయి నా పక్క కుర్చీలో ఉండి అంతా వింటోంది. ఆయన బయటికి పోయాక, "అన్నా, ఇంత రాద్ధాంతం ఏంటికి? ఒక బాణం గీసెయ్. 'బ్యాటరీ అయిపోవస్తాంది' అని వాడు చెప్తాడని రాయి. పట్టికలో వరస నేను నింపుతా. ప్రోగ్రాం గమ్మునుంటాది, వాడూ ఉంటాడు" అంది.

అయిదు నిమిషాల పని. తెలివైన పని. నేనేమన్నానో తెలుసా? "లేని మాట ఉన్నట్టు నేను రాయనమ్మా" అన్నాను. అబ్బో, నా నిజాయితీ! రాళ్ళూ ముళ్ళూ లేని కొండ మీద పసుప్పచ్చ మెరుపులు గీసినవాణ్ణి, సిపాయిని నోడ్ అన్నవాణ్ణి, ఆ ఒక్క బాణం దగ్గర సత్యహరిశ్చంద్రుణ్ణయ్యాను. అసలు సంగతి వేరు. ఆ నిఘంటువు నాది. అందులో ఒక్క అబద్ధం లేదని నాకు లోపల్లోపల పొగరు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీ ఇష్టం అన్నా" అని తన పనిలో పడింది.

పై కంపెనీ వాళ్ళు చూడటానికి వచ్చే ముందురోజు డైరెక్టరు ఫోను చేశాడు. "సున్నా ఉండాలండీ రేపటికి. మీ మీదే వదిలేస్తున్నా." పెట్టె తీసేయమని ఆయన అనలేదు. ఇది నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అంతే, అనలేదు. ఫోను పెట్టేసి కూర్చున్నాను. బాణం గీయడానికి పొగరు అడ్డం. ఎర్రగా ఒక తప్పుతో చూపించడానికి భయం అడ్డం. తమ్ముడికిచ్చిన మాట మాత్రం దేనికీ అడ్డం రాలేదు. పెట్టె మీద ఒకసారి నొక్కి, చెరిపేశాను. నిఘంటువులో వాడి అర్థం కూడా చెరిపేశాను, లేకపోతే అదీ తప్పు చూపిస్తుంది. ప్రోగ్రాం నడిపితే సున్నా వచ్చింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఏసీ లేదని ముందే మొహాలు మాడ్చుకున్నారు. మెరుపుల బొమ్మ ముందు నిలబడి మెచ్చుకున్నారు, ఉపగ్రహం చాలా సహజంగా ఉందన్నారు. వాళ్ళలో ఎవడైనా ఉపగ్రహాన్ని ఎప్పుడు చూశాడో! ఎవరూ ఒక్క పెట్టె గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎర్ర పట్టిక ఖాళీగా ఉండటం చూసి తలలూపారు. బనగానపల్లె మామిడిపళ్ళు కోయించి పెడితే, అవి మాత్రం శ్రద్ధగా తిన్నారు. తర్వాత కొన్నాళ్ళకు నాకు ఒక గాజు ఫలకం వచ్చింది. తప్పుల్లేని పనికి మెచ్చుకోలు అని దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది. నాయన దాన్ని చేత్తో తడిమి, "గాజు మీద గూడా సెక్కుతారా?" అని ఆశ్చర్యపోయాడు.

ఆ కాంట్రాక్టు అయిపోగానే డైరెక్టరు ఆఫీసు ఎత్తేసి ఇంకా పెద్ద ఊరికి పోయాడు, ఇంకా పెద్ద బొమ్మలు గీయడానికి. బోర్డును కింది షాపువాళ్ళు తిరగేసి, వెనకవైపు పత్తి విత్తనాల పేర్లు రాయించుకున్నారు. దాని బతుకులో అది చేసిన మొదటి పనికొచ్చే పని అది. నేను మళ్ళీ కాలేజీ ల్యాబులో చేరాను.

ఏడాదో, ఇంకాస్త ఎక్కువో గడిచింది. తమ్ముడు ఫోను చేశాడు. గొంతు హుషారుగానే ఉంది.

"కొత్త సెట్లు వచ్చినాయన్నా. పరీక్ష చేసేదానికి మా వాళ్ళకూ ఇచ్చినారు. నువ్వు చెప్పినట్టే శానా తేలిక."

"జతగాడున్నాడారా?"

"ల్యాడు. సెట్టుకు ఒకడే చాలంట. మా ఆఫీసరు సాబు గూడా పైకి రాసినాడు, ఇద్దరు కావల్లని. కాగితంలో ఒకడే ఉండాడు, ఒకడే పోవల్ల అని జవాబొచ్చినాది." మళ్ళీ వాడే, "నువ్వు రాసింటివి గదన్నా, పైనోళ్ళు యాడో కొట్టేసినట్టుండారు నాయాళ్ళు" అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. "జాగ్రత్తరా" అన్నాను. జాగ్రత్తట!

మూడు వారాల తర్వాత కబురొచ్చింది. సెట్టూ బ్యాటరీలూ వీపు మీద వేసుకుని ఎక్కుతూ, మంచు మీద కాలు జారి, ఆ బరువుతో సహా వెల్లకిలా రాతి మీద పడ్డాడు. ప్రాణం పోలేదు. నడుములో ఎముకలు నలిగాయి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచి, ఇక సైన్యంలో పనికిరాడని తేల్చి ఇంటికి పంపారు. ముప్పయి నిండని మనిషి. కర్ర పట్టుకుని నడుస్తాడు. బిందెడు నీళ్ళు ఎత్తలేడు. నేను చెరిపేసిన పెట్టె వల్లే పడ్డాడని ఏ విచారణలోనూ తేలదు. మా కాగితం తర్వాత ఎంతమంది చేతులు మారి ఉంటుందో, ఎంతమంది చదవకుండా సంతకాలు పెట్టి ఉంటారో. ఆ సందులో దూరి దాక్కోవాలని నేను శాయశక్తులా ప్రయత్నించాను.

వాడు ఇంటికొచ్చిన వారానికి నన్ను పిలిచాడు. వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. ముందు పనిచోటులో ఉలి చప్పుళ్ళు. పెద్ద శిల్పి నాయనను కేకేసి అడుగుతున్నాడు, ఎంతమంది ఎత్తుతాండారప్పా అని. తమ్ముడు అమ్మ బైబిలు తెరిచి, క్యాలెండరు కాగితం తీసి, మంచం మీద పరిచాడు. ఆనుకుని ఉన్న రెండు పెట్టెలు.

"ఇది పైకి పోయినాదా?" అన్నాడు.

"పోల్యా."

"ఎవరు తీయమన్నారు?"

డైరెక్టరు పేరు నాలుక చివర దాకా వచ్చింది. ఎంత సులువైన మాట! ఈ ఒక్కచోట మాత్రం నా మీద నాకు కొంచెం గౌరవం మిగిలింది, అదీ వేలి గోరంత.

"ఎవరూ తీయమనల్యారా. తప్పు చూపిస్తాందని నేనే తీసేసినా. ఒక బాణం గీసింటే నిలబడేది. గీయల్యా."

వాడు నా మొహంలోకి చూడలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి బైబిలులో పెట్టేశాడు. "కానీలే" అన్నాడు. తిడతాడని కాచుకుని కూర్చున్నాను. కొట్టినా బాగుండును. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి వారం పింఛను కాగితాల పని మీద వాణ్ణి నంద్యాల తీసుకుపోయాను. బస్సులో వాడికి కిటికీ పక్క చోటు దొరికించి, ఆసుపత్రి కాగితాలూ, ఎక్స్‌రేలూ, మంచినీళ్ళ సీసా, నడుముకు కట్టుకునే బెల్టూ ఉన్న సంచీ నేను భుజాన వేసుకున్నాను. ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న పెద్దాయన ఫారం ముందుకు తీసి, వాడి పేరు, నంబరు, గాయం ఎట్లా తగిలిందీ ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. నడుమ తలెత్తి, వెనక నిలబడ్డ నన్ను చూశాడు.

"ఆయనెవరప్పా, నీతో వచ్చినాయన?"

తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు.

"మా జతగాడు సార్," అన్నాడు. "మోస్తాడు. మాట్లాడడు."

పెద్దాయన తలూపి ఫారంలోకి వంగాడు. అందులో నాకు గడి లేదు. నేను సంచీని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని, గోడ పక్కకు జరిగి నిలబడ్డాను.